రిమోట్ పోయింది, ఆజ్ఞ పోలేదు

పిల్లలూ! పోయిన నెల కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో చెప్పుకున్నాం గదా. కుండకు తడిగుడ్డ చుట్టి చూశామని మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. సంతోషం. ఈ నెల, మన ఇళ్ళలో అందరూ రోజుకు పదిసార్లు వెతికే వస్తువును గురించి చెబుతాను. అదేమిటో ఊహించారా? అవును, టీవీ రిమోటే! అది పోతే ఏం చెయ్యాలి? అది లేకుండా టీవీ మన మాట వింటుందా?

ఊరికే చెబితే మీకు నిద్ర వస్తుంది. మా వీధిలో జరిగిన సంగతి చెబుతాను, వినండి.

తిరుపతిలో మేముండేది బైరాగిపట్టెడ. పోయిన బ్రహ్మోత్సవాల రోజుల్లో మా ఎదురింట్లోకి చిత్తూరు నుంచి ఒక కుటుంబం వచ్చి చేరింది. తండ్రి, తల్లి, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, ఐదో తరగతి చదివే తమ్ముడు, ఎనభై ఏళ్ళు దాటిన అవ్వ. సామాన్లన్నీ వ్యాన్‌లో వచ్చినవి గాని, సగం మూటలు ఇంకా విప్పనే లేదు.

వాళ్ళు వచ్చిన మూడో నాడు గరుడసేవ. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి స్వామి గరుడవాహనమెక్కి తిరుమల మాడవీధుల్లో ఊరేగుతాడని మీకు తెలుసు. ఆ అవ్వ పూర్వం ఏటా అలిపిరి మెట్ల దారిన నడిచి వెళ్ళేదట. మోకాళ్ళు మొరాయించిన తరువాత టీవీలోనే చూస్తున్నది. శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ 2008లో మొదలైంది గదా, అప్పటి నుంచీ ఒక్క గరుడసేవ కూడా తప్పిపోలేదని ఆమె గొప్పగా చెప్పుకుంటుంది.

ఆ సాయంత్రం ఐదు గంటలకు ఆ పిల్లవాడు రొప్పుతూ మా మిద్దె మెట్లెక్కి వచ్చాడు.

“తాతా! మీ రిమోట్ ఒకసారి ఇస్తారా? మాది యాడా కనబళ్ళేదు. అవ్వ ఊరికే కూర్చోనుండాది, ఏమీ మాట్లాడల్లేదు” అన్నాడు.

మా ఇంటికి తీసుకువద్దామంటే అవ్వ మెట్లు ఎక్కలేదు. ఫోన్‌లో చూపిద్దామంటే ఆమె కళ్ళకు అంత చిన్న బొమ్మ ఆనదు. సరే పదమని నేనే వెంట వెళ్ళాను. వెళ్ళి చూస్తే ఆ ఇంట్లో అట్టపెట్టెలన్నీ బోర్లా పడి ఉన్నవి. టీవీ రిమోటూ, టీవీ వెనుక గుచ్చే స్టిక్ రిమోటూ రెండూ కలిపి రబ్బరు బ్యాండు వేసి ఎక్కడో భద్రంగా పెట్టారట. మరీ భద్రంగా పెట్టిన వస్తువు ఎక్కడ ఉన్నదో పెట్టినవారికి కూడా తెలియదు గదా!

రిమోట్ ఏం చేస్తుంది?

అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను: “రిమోట్ టీవీని నడుపుతుందంటావా?”

“అవును తాతా.”

“కాదమ్మా. నడిపేది టీవీలోని యంత్రమే. రిమోట్ ఒట్టి దూత. నీ మాట తీసుకుపోయి టీవీకి చెబుతుంది, అంతే. రాజుగారి ఆజ్ఞ తెచ్చే భటుడు ఒకరోజు రాకపోతే రాజ్యం ఆగిపోతుందా? మరో భటుణ్ణి పంపుతారు. అయితే ఆ కొత్త భటుడికి అవతలివారి భాష రావాలి, కోట వాకిలి దగ్గర వాణ్ణి లోపలికి రానివ్వాలి. ఈ రెండూ కుదిరితే సరి.”

పిల్లలూ! ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి: భాష ఒకటి, అనుమతి ఒకటి. మిగిలిన కథంతా వీటి మీదనే నడుస్తుంది.

అంతలో వాళ్ళ నాయన తన ఫోన్ టీవీ వైపు చూపి ఏదో నొక్కాడు. టీవీ వెలిగింది! అందరూ కేకలు వేశారు. కాని తరువాత ఎంత నొక్కినా తెరమీద బొమ్మలు కదల్లేదు. ఎందుకని?

ఆయన ఫోన్ నెత్తిన చిన్న పరారుణ దీపం ఉన్నది. పరారుణ కిరణాలంటే మన కంటికి కనబడని వెలుగు. ఎరుపు రంగుకు కాస్త అవతలిది. మామూలు టీవీ రిమోట్ మాట్లాడేది ఈ వెలుగు భాషలోనే. ఆ దీపం సెకనుకు దాదాపు 38,000 సార్లు మినుకుమంటుంది. ఆ మినుకులను గుంపులు గుంపులుగా, మధ్య మధ్య ఆపి పంపితే, ఒక వరుసకు “వెలుగు” అని, మరో వరుసకు “శబ్దం పెంచు” అని అర్థం. గదిలోని దీపాల వెలుగూ ఎండా అలా మినుకుమనవు గనుక టీవీ పొరబడదు. టీవీకి ఆ భాష వచ్చు, కనుక లేచి కూర్చున్నది.

కాని స్టిక్‌కు ఆ భాష రాదు. అది టీవీ వెనుక దాగి ఉంటుంది, వెలుగు అక్కడికి ఎలా చేరుతుంది? అందుకని దాని రిమోట్ బ్లూటూత్ అనే రేడియో తరంగాలతో మాట్లాడుతుంది. ఇవి సెకనుకు దాదాపు 240 కోట్ల సార్లు ఊగే తరంగాలు. గుడ్డ అడ్డం వచ్చినా, చెయ్యి అడ్డం వచ్చినా దాటి పోతాయి.

పాతకాలపు దూతలు

ఇక్కడ కాస్త ఆగి, ఈ దూతల పూర్వకథ చెప్పాలి. 1898లో నికోలా టెస్లా అనే శాస్త్రవేత్త న్యూయార్క్ నగరంలో నీటి తొట్టిలో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో దూరం నుంచే నడిపి చూపించాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

టీవీకి మొదట వచ్చిన రిమోట్ తీగతో ఉండేది. 1950లో అమెరికాలో జెనిత్ కంపెనీ దాన్ని అమ్మింది. ఆ తీగ తట్టుకుని జనం పడిపోతూండేవారు. 1955లో అదే కంపెనీలోని యూజీన్ పోలీ అనే ఇంజినీరు తీగ లేని రిమోట్ చేశాడు. అది తుపాకీలాంటి టార్చిలైటు. టీవీ తెర నాలుగు మూలలా వెలుగును కనిపెట్టే నాలుగు కళ్ళు పెట్టాడు. ఒక్కో మూల మీద వెలుగు పడితే ఒక్కో పని. బాగానే ఉన్నది గాని, కిటికీలోంచి ఎండ పడితే సూర్యుడే ఛానల్ మార్చేసేవాడు!

మరుసటి ఏడు, 1956లో, రాబర్ట్ ఆడ్లర్ అనే ఆయన వెలుగు మాని శబ్దం పట్టుకున్నాడు. మీట నొక్కితే రిమోట్ లోపల చిన్న సుత్తి ఒక అల్యూమినియం కడ్డీని కొడుతుంది. మన చెవికి అందనంత సన్నని శబ్దం పుడుతుంది. టీవీ దాన్ని వింటుంది. దానికి బ్యాటరీలే అక్కరలేదు. కాని దానికీ ఒక చిక్కు వచ్చింది. ఇంట్లో ఎవరైనా తాళం చెవుల గుత్తి గలగలలాడిస్తే, ఆ గలగలలోనూ అలాంటి సన్నని శబ్దమే ఉండి, ఒక్కోసారి ఛానల్ మారిపోయేది.

ఇందులో నీతి చూశారా? సూర్యుడు రిమోట్ కాదు, తాళం చెవులూ రిమోట్ కావు. అయినా టీవీ వాటి మాట విన్నది. ఎందుకంటే ఆ రోజుల్లో టీవీ “ఏం చెప్పావు?” అని మాత్రమే వినేది, “చెప్పిందెవరు?” అని అడిగేది కాదు. ఈ రెండో ప్రశ్న అడగడం తరువాత నేర్చింది.

మన ఊరికీ ఈ కథకూ సంబంధం లేకపోలేదు. తిరుపతి దగ్గర ఏర్పేడు మండలం వికృతమాలలో టీవీ తెరలు చేసే ఫ్యాక్టరీ ఉన్నది. షియోమి కంపెనీ తన టీవీలను తిరుపతిలోని డిక్సన్ ఫ్యాక్టరీలో చేయిస్తానని 2018లో ప్రకటించింది. కాబట్టి మీ ఇంటి టీవీ మన ఊళ్ళోనే పుట్టినదైనా ఆశ్చర్యం లేదు.

మూడు దారులు

సరే, కథలోకి వద్దాం. గంట ఐదున్నర అయింది. అవ్వ స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, వెలుగుతున్న ఖాళీ తెర ముందు కూర్చున్నది.

స్టిక్ దగ్గరికి పోవడానికి రిమోట్ కాక ఇంకా మూడు దారులున్నవి.

మొదటిది తీగ దారి. స్టిక్‌ను టీవీకి గుచ్చే ఆ హెచ్‌డీఎంఐ మూతిలో బొమ్మ వచ్చే దారే కాక, ఆజ్ఞలు పోయే చిన్న దారి ఒకటి ఉన్నది. దాని పేరు సీఈసీ. ఒక్కో కంపెనీ టీవీలో దీన్ని ఒక్కో పేరుతో పిలుస్తారు: యానీనెట్ ప్లస్ అని, సింప్‌లింక్ అని, బ్రావియా సింక్ అని. టీవీ సెట్టింగ్స్‌లో ఇది తెరిచి ఉంటే, టీవీ రిమోట్ మీది బాణాల మీటలతోనే స్టిక్‌ను నడపవచ్చు. వెలుగు భాషలో టీవీకి చెబితే, టీవీ ఆ మాటను తీగ వెంట స్టిక్‌కు చెబుతుందన్నమాట. కాని వీళ్ళ టీవీలో అది మూసి ఉన్నది. ఫోన్ దీపంతో నొక్కి చూసినా లాభం లేకపోయింది.

రెండోది మౌసు. కొన్ని టీవీలకూ, టీవీ పెట్టెలకూ వెనుక యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది. కంప్యూటరు మౌసును అందులో గుచ్చితే తెర మీద బాణం గుర్తు కనబడుతుంది. వీళ్ళ టీవీ పాతది, స్టిక్‌కేమో మౌసు పట్టే రంధ్రం లేదు. ఆ దారీ లేదు.

మూడోది వైఫై దారి. స్టిక్ చేసిన కంపెనీవారే ఫోన్‌లోకి రిమోట్ యాప్ ఇస్తారు. ఫైర్ టీవీ స్టిక్ అయితే “ఫైర్ టీవీ” యాప్. గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ అయితే “గూగుల్ హోమ్” యాప్. దాన్ని తెరిస్తే ఫోనే రిమోట్ అవుతుంది. కాని సాధారణంగా ఒక షరతు ఉన్నది: ఫోనూ, స్టిక్కూ ఒకే వైఫైలో ఉండాలి.

తల్లి తన ఫోన్‌లో ఆ యాప్ పెట్టింది. కొత్త ఇంటి వైఫైలో కలిపింది. వెతికింది. “ఏ పరికరమూ కనబడలేదు” అని వచ్చింది. మళ్ళీ వెతికింది. మళ్ళీ అదే మాట.

ఒక ప్రమాదం తప్పింది

ఇంతలో తండ్రి విసుగెత్తి, ఇంటర్నెట్‌లో “కస్టమర్ కేర్” అని వెతికి, దొరికిన నంబరుకు ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. “సార్, ఒక చిన్న యాప్ వేసుకోండి. మీ ఫోన్ తెర మాకు కనబడుతుంది. పది రూపాయలు కట్టండి, ఐదు నిమిషాల్లో సరిచేస్తాం” అన్నాడు.

నేను “ఆగు నాయనా!” అని గట్టిగానే అన్నాను. బడిలో కేకలు వేసి చాలా ఏళ్ళయింది, అయినా ఆ గొంతు పోలేదు. ఆయన ఫోన్ పెట్టేశాడు.

పిల్లలూ, పెద్దలూ, ఇది శ్రద్ధగా వినండి. పోయింది మీ టీవీ రిమోట్. అతడు అడిగింది మీ ఫోన్ రిమోట్! తెర కనబడే యాప్ వేసుకుంటే మీరు నొక్కే బ్యాంకు అంకెలూ, మీకు వచ్చే ఓటీపీలూ అన్నీ అతనికి కనబడతాయి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే నంబర్లలో దొంగ నంబర్లు ఎన్నో ఉన్నవి. కొన్నప్పుడు వచ్చిన పెట్టె మీద, కాగితం మీద ఉన్న నంబరుకే ఫోన్ చెయ్యాలి. పొరబాటున డబ్బు పోతే, సిగ్గుపడి దాచిపెట్టక, వెంటనే 1930కి ఫోన్ చేసి చెప్పాలి. అది సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే ప్రభుత్వపు నంబరు.

అమ్మాయి ఆలోచన

ఆరు దాటింది. అప్పుడు ఆ అమ్మాయి నన్ను అడిగింది: “తాతా! స్టిక్‌కు మేము ఇల్లు మారినామని తెలుసా?”

“తెలియదమ్మా. ఎవరు చెప్పారు దానికి?”

“అయితే అది ఇంకా చిత్తూరులోని వైఫై పేరే వెతుకుతా ఉంటుంది గదా?”

“అవును.”

“కొత్త పేరు చెబుదామంటే రిమోట్ కావల్ల. ఫోన్‌తో చెబుదామంటే రెండూ ఒకే వైఫైలో ఉండల్ల. ఒకే వైఫైలోకి తెద్దామంటే మళ్ళీ రిమోట్ కావల్ల!”

చూశారా పిల్లలూ! గదికి తాళం వేసి, తాళం చెవి గదిలోనే మరిచిపోయినట్టున్నది. అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటూ కొంచెంసేపు ఆలోచించింది. తటాలున లేచి, “నాయనా! నీ ఫోన్ ఇటివ్వు” అన్నది.

ఆమె ఏం చేసిందో చెబుతాను. ఫోన్‌లో హాట్‌స్పాట్ అని ఉంటుంది. అది తెరిస్తే ఫోనే ఒక చిన్న వైఫై పెట్టెగా పనిచేస్తుంది. ఆ హాట్‌స్పాట్‌కు మనకిష్టమైన పేరు పెట్టుకోవచ్చు. ఆమె చిత్తూరు ఇంటి వైఫై పేరే దానికి పెట్టింది. పాస్‌వర్డ్ కూడా పాతదే పెట్టింది. స్టిక్ పాపం, ఊరి పేరు చూడదు, ఇంటి గడప చూడదు. పేరూ పాస్‌వర్డూ సరిపోతే చాలు, “మన ఇల్లే” అనుకుంటుంది!

మొదటిసారి కుదరలేదు. అందరి ముఖాలూ వాడిపోయినవి. నేను పాస్‌వర్డ్ చదివించాను. ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దక్షరం ఉండవలసిన చోట చిన్నక్షరం పడింది. యంత్రానికి అవి రెండూ వేరు వేరు. దిద్దగానే, తండ్రి ఫోన్‌లో “ఒక పరికరం కలిసింది” అని వచ్చింది. ఆ పరికరం స్టిక్కే!

అప్పుడు తల్లి ఫోన్‌ను కూడా అదే హాట్‌స్పాట్‌లో కలిపారు. యాప్‌లో స్టిక్ పేరు కనబడింది. దాన్ని నొక్కగానే టీవీ తెర మీద నాలుగు అంకెలు వచ్చాయి. ఆ అంకెలు ఫోన్‌లో కొట్టమన్నది. తమ్ముడు ఒక్కొక్క అంకే గట్టిగా చదివాడు, తల్లి కొట్టింది. అంతే, ఫోన్ మీద రిమోట్ బొమ్మ వచ్చింది.

ఆ అంకెలెందుకో తెలిసిందా? అవే కోట వాకిలి. తెర మీది అంకెలు చదవగలిగేది ఆ గదిలో ఉన్నవారే గదా! పక్కింటి ఆకతాయి మన టీవీ మార్చకుండా ఇది కాపలా. 1955లో సూర్యుణ్ణి, 1956లో తాళం చెవులనూ ఆపలేని టీవీ, ఇప్పుడు “చెప్పిందెవరు?” అని అడుగుతున్నది.

ఇక సెట్టింగ్స్‌లోకి పోయి కొత్త ఇంటి వైఫై పేరు స్టిక్‌కు చెప్పారు. చెప్పగానే ఫోన్ రిమోట్ మళ్ళీ ఆగిపోయింది! తమ్ముడు ఏడుపు ముఖం పెట్టాడు. అక్క నవ్వి, “స్టిక్ కొత్తింటికి పోయినాది రా, అమ్మ ఫోన్ ఇంకా పాతింట్లోనే ఉండాది” అన్నది. తల్లి ఫోన్‌ను కూడా కొత్త వైఫైలోకి మార్చగానే అంతా సర్దుకున్నది. అమ్మాయి మరో తెలివైన పని కూడా చేసింది. ఫోన్ రిమోట్‌తోనే సెట్టింగ్స్‌లోకి పోయి, స్టిక్‌లోనూ టీవీలోనూ సీఈసీ దారి తెరిచిపెట్టింది. ఇక ముందు రెండిటిలో ఏ రిమోట్ దొరికినా పని జరుగుతుంది.

తెర మీద మాడవీధులు కనబడినవి. జనం గోవిందనామాలు చెబుతున్నారు. గరుడవాహనం వాహన మండపం నుంచి అప్పుడే కదులుతున్నది. అవ్వ రెండు చేతులూ జోడించింది. చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. తరువాత మనవరాలి తల నిమిరి, “నువ్వు ఆ స్వామికే దోవ చూపిస్తివి మే!” అన్నది.

దూరపు ఆజ్ఞ

పిల్లలూ! దూరం నుంచి ఆజ్ఞ పంపడం టీవీకే పరిమితం కాదు. మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరింది. దారి పొడుగునా భూమి మీది నుంచి రేడియో తరంగాలతో దానికి ఆజ్ఞలు పంపారు. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మన ఆజ్ఞ అక్కడికి చేరడానికి సుమారు ఒకటింబావు సెకను పడుతుంది. మీ చేతిలోని రిమోట్‌కూ, దానికీ తేడా దూరంలోనే. పని మాత్రం ఒకటే: భాష తెలిసిన దూతను, అనుమతి ఉన్న దారిన పంపడం.

చేసి చూడండి

ఫోన్ కెమెరా తెరిచి, మామూలు టీవీ రిమోట్ ముక్కు దాని వైపు తిప్పి మీట నొక్కండి. ఫోన్ తెర మీద ఊదా రంగో, తెలుపో అయిన చిన్న వెలుగు మినుకుమంటుంది. మీ కన్ను చూడలేనిది కెమెరా కన్ను చూస్తుంది. వెనుక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాతో చూడండి. రిమోట్ పనిచెయ్యకపోతే తప్పు దానిదా, టీవీదా అని ఇలా తేల్చుకోవచ్చు. వెలుగు లేకపోతే ముందు బ్యాటరీ సెల్లు మార్చి చూడండి.

ఇంట్లో పెద్దవారితో కలిసి మూడు పనులు ఈ వారమే చెయ్యండి. రిమోట్ ఉండగానే ఫోన్‌లో యాప్ పెట్టి జతచేసి ఉంచండి. సీఈసీ దారి తెరిచి ఉంచండి. వైఫై పేరూ, పాస్‌వర్డూ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేకుండా ఒక నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. ఆ పుస్తకం బయటివారికి చూపించకండి. యాప్ కూడా ఆ కంపెనీవారు ఇచ్చినదేనా అని చూసి మరీ పెట్టుకోండి.

అన్నట్టు, ఎదురింటివాళ్ళ రిమోట్లు ఎక్కడ దొరికినవో చెప్పలేదు గదూ? పది రోజుల తరువాత, గుడ్డ వాసెన కట్టిన ఇత్తడి బిందెలో! పోకుండా ఉండాలని అందులో పెట్టింది అవ్వే.

ఈ నెల ప్రశ్న: చాలా స్టిక్ రిమోట్లలో శబ్దం పెంచే మీట నొక్కితే కెమెరాలో వెలుగు కనబడుతుంది, బాణం మీట నొక్కితే కనబడదు. ఎందుకు? ఆలోచించి, మీ మాటల్లో రాసి పంపండి. జవాబు వచ్చే నెల చెప్పుకుందాం.